కుప్పం పెళ్లి ఉన్న డిస్కు

పుంగనూరులో నేను పనిచేసిన ఫొటో స్టూడియోలో మూడు కంప్యూటర్లు ఉండేవి. రెండింటి మీద ఆల్బమ్‌లు తయారుచేసేవాళ్లం. మూడోది ఒక మూల, బల్ల కింద, మానిటర్ కూడా లేకుండా పడి ఉండేది. దాని మానిటర్‌ను మా యజమాని ఊడదీయించి, ముందుగదిలో సినిమా పాటలు ఆడించడానికి పెట్టించాడు. వచ్చినవాళ్ల కంటికి కనబడేదే ఆయన దృష్టిలో స్టూడియో. మనం తీసిన పెళ్లిళ్లన్నీ దాచి ఉన్నది ఆ బల్ల కింది పెట్టెలోనే అని ఆయనకు చాలాసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా "ఔనా!" అని, అప్పుడే మొదటిసారి విన్నట్టు ఆశ్చర్యపోయేవాడు.

నాది కలకడ దగ్గర ఒక పల్లె. మదనపల్లెలో ఎంసీఏ చదివాను. కొత్త శతాబ్దం అప్పుడే మొదలైంది, కంప్యూటర్ చదివితే చాలు బెంగళూరు ఎదురొచ్చి తీసుకుపోతుందని అందరూ నమ్మిన కాలం. మా లాబ్‌లో ఒకే ఒక్క కంప్యూటర్‌లో లినక్స్ ఉండేది. ఎవరో లెక్చరర్ పత్రికతో పాటు వచ్చిన సీడీ తెచ్చి ఎక్కించి, ఇంకో ఉద్యోగం దొరకగానే వెళ్లిపోయాడు. నల్ల తెర, తెల్ల అక్షరాలు. దానిలో ఆటలు లేవు, పాటలు రావు. అందుకని మగపిల్లలు దాని వైపు చూసేవాళ్లు కాదు. మిగతా వాటి ముందు కుర్చీల కోసం తోసుకునేవాళ్లు. ఆ తోపులాటలో పడలేక నేను దాని ముందు కూర్చున్నాను. అంతే, మొదట్లో దాని మీద నాకు వేరే ప్రేమ ఏమీ లేదు. కూర్చోగా కూర్చోగా ఒకటి నచ్చింది. ఏదైనా చెడిపోతే ఎక్కడ చెడిందో అది తెర మీద రాసి పెట్టేది. రాసింది చదవడమే మన పని. ఆ ఒక్క పని చేయడానికి కూడా బద్ధకించే మనుషులు ఎంతమంది ఉంటారో నాకు తర్వాత తెలిసింది.

చదువు అయ్యేసరికి బెంగళూరే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లను ఇళ్లకు పంపిస్తోంది. పుంగనూరులో మా పిన్నమ్మ ఇంట్లో దిగి, ఈ స్టూడియోలో చేరాను. యజమాని ఫిల్మ్ కాలం నుంచి ఫొటోలు తీస్తున్నాడు. మనుషులను వాళ్లు దిగిన బండిని బట్టి కొలిచేవాడు. స్కూటర్ మీద వస్తే టీ, కారులో వస్తే కూల్‌డ్రింకు. బస్సు దిగి నడిచి వచ్చినవాళ్లకు కుర్చీ కూడా చూపించేవాడు కాదు. వాళ్లు జలపాతం బొమ్మ ఉన్న తెర పక్కన నిలబడి, మావైపు చూసి నవ్వడానికి ప్రయత్నించేవాళ్లు.

డిజిటల్ కెమెరా వచ్చాక పాత డార్క్‌రూమే మా కంప్యూటర్ గది అయింది. గోడలకు ఇంకా ఫొటోలు కడిగే హైపో మందు వాసన వేసేది. ఊళ్లోవాళ్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌లతో వైరస్‌లు వచ్చి, ఫోల్డర్లు ఒక్కొక్కటే మాయమవుతుంటే, ఆ బల్ల కింది పాత కంప్యూటర్‌లో నేను లినక్స్ ఎక్కించి ఫొటోలన్నీ అందులో పెట్టాను. వైరస్‌ల గొడవ ఆ రోజుతో పోయింది. ఇంకొక డిస్కు కూడా ఉంటే అన్నిటికీ రెండో కాపీ ఉంటుందని అడిగాను.

"ఒకటి ఉండాది కదమ్మా, రెండోది యాల?" అన్నాడు యజమాని.

"అది పోతేనో అన్నా?"

"శుభమా అని పని సేసుకుంటా ఉంటే పోతాది పోతాదంటావేంది?" అని విసుక్కున్నాడు. ఆ వారమే ముందుగదిలో తిరిగే రంగుల లైటు పెట్టించాడు.

ముహూర్తాలు జోరుగా ఉన్న నెలలో, ఒక ఉదయం ఫొటోలు తెరుచుకోవడం ఆలస్యమైంది. ఒక్కొక్క బొమ్మ తెర మీద సగం దిగి ఆగిపోతోంది. నా పక్కన ఆల్బమ్ చేస్తున్న అబ్బాయి మౌస్‌ను బల్లకేసి కొట్టాడు. ఆ ఊళ్లో కంప్యూటర్ వైద్యం అక్కడ మొదలై అక్కడే ముగిసేది. నేను బల్ల కిందికి వంగి చెవి పెట్టాను. డిస్కు తిరిగే చప్పుడులో మధ్యమధ్య ఒక గీరుడు. గోరుతో రేకును గీకినట్టు.

నా కంప్యూటర్ నుంచే దాంట్లోకి వెళ్లి, లినక్స్ రాసుకునే సందేశాలు తెరిచి చూశాను. డిస్కులో ఒక చోట చదవలేకపోతున్నానని అదే మాట వరసగా రాసి ఉంది. ఒక్కోసారి ఈ తప్పు డిస్కుది కాదు, తీగది అయి ఉంటుంది. అందుకని కంప్యూటర్ ఆపి, డేటా తీగ మార్చాను. కరెంటు ఇచ్చే ప్లగ్గు వేరేది పెట్టాను. మళ్లీ వేసి చూస్తే అదే చోట, అదే మాట. తీగ తప్పయితే తప్పులు అక్కడక్కడ పడతాయి, ఇట్లా ఒకే చోట కూర్చోవు. ఇంకా నమ్మకం కలగక, డిస్కు తన ఆరోగ్యం గురించి తానే దాచుకునే వివరాలను కూడా చదివించాను. చదవడానికి పనికిరాక పక్కన పెట్టిన చోట్లు పెరుగుతూ పోతున్నాయి. గంట ఆగి చూస్తే మళ్లీ పెరిగాయి. డిస్కు లోపలి బిళ్లే చెడిపోతోందని తేలిపోయింది. ఇక దాని మీద కొత్తగా ఏమీ రాయకుండా, చదవడం మాత్రమే జరిగేట్టు కట్టేసి, ముందుగదిలోకి వెళ్లాను.

"అన్నా, ఫొటోలున్న డిస్కు పోతాండాది. ఈ రోజే కొత్తది తెప్పించండి. ఇంకా రొంత బతికుండాది, లోపలివి దాంట్లోకి మార్చేస్తాను."

ఆయన ఒక కారు ఆసామికి ఆల్బమ్ అట్టలు చూపిస్తున్నాడు. నా వైపు తిరగకుండానే, "ఆఫ్ చేసి ఆన్ చెయ్యమ్మా" అన్నాడు.

"చేసినాను. తీగలు కూడా మార్చినాను."

"అయితే రొంచేపు రెస్టియ్యి దానికి."

కారు ఆసామి పెద్దగా నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి మా యజమాని కూడా నవ్వాడు.

మధ్యాహ్నం ఆయనకే భయం పట్టుకుంది. నా మాట వల్ల కాదు. కుప్పం నుంచి ఫోను వచ్చింది. అక్కడ గ్రానైట్ క్వారీలున్న ఒక పెద్దమనిషి కూతురి పెళ్లి మేమే తీశాం. మా స్టూడియో తీసిన వాటన్నిటిలోకి పెద్ద పెళ్లి. ఆల్బమ్ ఎప్పుడిస్తారని ఆయన అడిగాడు. యజమాని పరుగున డార్క్‌రూమ్‌లోకి వచ్చాడు.

"కుప్పం పెండ్లి యాడ ఉండాది?"

"దాంట్లోనే అన్నా. అన్నీ దాంట్లోనే ఉండాయి. ఆ పెండ్లి చెడిపోయిన చోటనే పడింది."

"అయితే ముందు అది తీ. మిగతావి తర్వాత సూద్దాం."

నేను కుదరదన్నాను. చచ్చిపోతున్న డిస్కులో మంచిగా ఉన్న చోట్లను ముందు చదువుకోవాలి, చెడ్డ చోటు జోలికి చివర పోవాలి. ముందే అక్కడ గుచ్చితే మంచివి కూడా పోతాయి. ఇదంతా ఆయనకు అర్థమయ్యేట్టు చెప్పాను. నేసిన చీర ఒక మూల చినుగుతుంటే ఆ మూలనే పట్టుకొని లాగుతామా అని అడిగాను. ఆయనకు అర్థమైంది. కాని అర్థమైనందువల్ల మారే మనిషి కాదు.

"ఆ పెద్దమండ్యం వాళ్లవి, కలకడ వాళ్లవి ఎవరు అడిగినారమ్మా? వాళ్లు బస్సులో వచ్చి బస్సులో పోతారు. కుప్పం ఆయన వస్తే నా స్టూడియోనే ఉండదు."

ఆయన ముందుగదిలోకి వెళ్లాక నేను నా పద్ధతిలోనే మొదలుపెట్టాను. కొత్త డిస్కు ఇవ్వలేదు కాబట్టి రెండు కంప్యూటర్లలో మిగిలి ఉన్న చోటులోకీ, డీవీడీల మీదకీ కాపీ చేస్తూ పోయాను. ఒక్కో పెళ్లీ బయటకు వస్తుంటే పేరు కూడా సరిగా గుర్తులేని ముఖాలు కనబడ్డాయి. వేరుశెనక్కాయలు ఆరబోసిన కళ్లంలోనే షామియానా వేసిన పెళ్లి. పెళ్లికొడుకు కళ్లజోడు ఎవరిదో అడిగి పెట్టుకున్న పెళ్లి. గొర్రెలు ఫొటోలో పడకుండా ఒక ముసలాయన చేతులు చాచి అడ్డంగా నిలబడితే, చివరికి ఫొటోలో ఆయన కూడా, గొర్రెలు కూడా పడిన పెళ్లి. ఇవన్నీ మంచి చోట్లలో ఉన్నాయి. ఒక్కటీ పోలేదు.

మరుసటి రోజుకు కుప్పం పెళ్లి తప్ప అన్నీ వచ్చేశాయి. ఇక ఆ చోటి జోలికి పోవడమే మిగిలింది. దానికి చదవలేని చోటును దాటేసి ముందుకు పోయే పనిముట్టు ఒకటి లినక్స్‌లో ఉంది. ఒకేసారి మొండిగా గుచ్చకుండా అటునుంచి కొంత, ఇటునుంచి కొంత తీసుకుంటుంది. కాని మొత్తం డిస్కును దింపుకోవడానికి అంతే పెద్ద ఖాళీ డిస్కు కావాలి. మళ్లీ అడిగాను.

"మా బామ్మర్దికి ఫోన్ చేసినాను, వస్తాండాడు" అన్నాడు యజమాని. "ఆయన బెంగళూరులో పెద్ద కంపెనీలో ఉండాడు. ఆయన సూస్తాడులే."

ఆ బామ్మర్దిది శాంతిపురం. కుప్పంలో రైలెక్కి బెంగళూరు పోయి వస్తుండేవాడు. ఆ కంపెనీలో ఏం చేసేవాడో వాళ్ల అక్కకు కూడా తెలియదు. ఆదివారం వచ్చినా మెడలో కార్డు వేలాడుతూనే ఉండేది. అన్నం తినేటప్పుడు దాన్ని చొక్కా జేబులో పెట్టుకొని, చెయ్యి కడుక్కోగానే మళ్లీ బయటికి తీసేవాడు.

అతను వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. నల్ల తెర చూసి ముఖం చిట్లించాడు.

"ఇది లినక్స్ కదా. దీన్ని యాల పెట్టినారు బావా? అందుకే కొట్టుకపోయినాది."

"లినక్స్ వల్ల కాదు సార్" అన్నాను. "డిస్కు లోపల చెడిపోయింది. సందేశాలు ఈడ ఉండాయి, సూడండి."

"అయ్యన్నీ సూసే టైము లేదమ్మా" అని, బల్ల కిందికి దూరి డిస్కు ఊడదీశాడు. తెచ్చి ఆల్బమ్‌లు చేసే విండోస్ కంప్యూటర్‌కు తగిలించాడు. నేను వద్దంటూనే ఉన్నాను. కంప్యూటర్ లేచింది. డిస్కును తెరవబోతే తెర మీద ఒక చిన్న గడి వచ్చింది. ఈ డ్రైవు ఫార్మాట్ చేసి లేదు, ఇప్పుడు చేయమంటారా, అని.

అతను కుర్చీ వెనక్కి వాలి, విజయంతో బావ వైపు తిరిగాడు.

"సూస్తివా బావా? అసలు దీన్ని ఫార్మాటే సేయలేదంట."

నేను అతని చేతికీ మౌసుకీ మధ్య చెయ్యి పెట్టాను. "సార్, అది లినక్స్ పద్ధతిలో రాసిన డిస్కు. విండోస్‌కు దాన్ని చదవడం రాదు. చదవడం రాక ఖాళీ అనుకుంటాండాది. మీరు చేయమంటే మొత్తం తుడిచేస్తాది."

"పోస్టు కార్డు చదివించుకునేదానికి వచ్చినోడు చదవడం రాదంటే నమ్మొచ్చు. విండోస్‌కు చదవడం రాదా?" అని అతను బావ వైపు చూసి నవ్వాడు.

"చెయ్యి తియ్యమ్మా" అన్నాడు యజమాని. "పెద్దోళ్లు సూస్తాండారు కదా."

తీశాను. ఆ గదిలో నా మాటకు ఎంత విలువ ఉందో అప్పటికే తెలిసినదాన్ని కాబట్టి పోట్లాడలేదు. అతను నొక్కాడు. పచ్చటి గీత కొంచెం కొంచెం జరిగింది. ఒక చోటికి వచ్చి ఆగింది. గీరుడు చప్పుడు ఆగిపోయి, టక్, టక్ మని కొట్టుకోవడం మొదలైంది. తర్వాత తెర నీలంగా మారింది. మళ్లీ వేసినప్పుడు ఆ డిస్కు ఉన్నట్టే ఏ కంప్యూటరూ గుర్తించలేదు.

ముందుగదిలో రంగుల లైటు తిరుగుతూ ఉంది.

"సెప్పినాను కదా బావా" అన్నాడు బామ్మర్ది. "ఆ లినక్స్ లోపలంతా తినేసినాది."

ఫ్రిజ్‌లో పెడితే డిస్కు లేస్తుందని అతను ఎక్కడో విన్నాడట. యజమాని ఇంటి ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నెకూ కొత్తిమీర కట్టకూ మధ్య, ఒక ప్లాస్టిక్ కవరులో కుప్పం పెళ్లి ఒక పూట చల్లబడింది. బయటికి తీసేసరికి నీళ్లు కారుతోంది. దాన్ని చీర కొంగుతో తుడుస్తూ యజమాని భార్య, "ఇంత సన్నదాంట్లో అంత పెండ్లి ఎట్ల పట్టిందప్పా" అంది. ఆ ఇంట్లో ఆ డిస్కు గురించి ఎవరైనా అడిగిన తెలివైన ప్రశ్న అదొక్కటే. జవాబు వినకుండానే బామ్మర్ది రైలుకు టైమైందని వెళ్లిపోయాడు.

కెమెరా కార్డులు చూశాం. కుప్పం పెళ్లి మర్నాడే అవి తుడిచి ఇంకో పెళ్లికి వాడారు. మిగిలింది వీడియో క్యాసెట్లు మాత్రమే. యజమాని ఒక పూట కణతలు నొక్కుకుంటూ కూర్చొని, తర్వాత ఉత్సాహంగా లేచాడు.

"పెండ్లంటే ఏముండాదమ్మా? తాళి, తలంబ్రాలు, హోమం, అప్పగింతలు, భోజనాలు. అన్నీ ఒకే మాదిరే కదా. ముఖాలు వీడియోలో నుంచి తీద్దాం. చేతులు, పూలు, పంక్తులు ఇంకో పెండ్లివి పెడదాం. చేతులు ఎవరివైతే ఏమి?"

నేను ఆ ఆల్బమ్ ముట్టనన్నాను. "నువ్వు ముట్టొద్దులే, నీ పెద్దమండ్యం వాళ్లవి చేసుకో" అని వెక్కిరించాడు. పక్కసీటు అబ్బాయి చేశాడు. పనిమంతుడు. వీడియోలోంచి తీసిన ముఖాలు మసకగా ఉంటాయి కాబట్టి వాటిని చిన్నవి చేసి, చుట్టూ మెరుపులు, గులాబీలు చల్లాడు. వేరే పెళ్లిళ్ల చేతులు మాత్రం పేజీ నిండా పెద్దవిగా, స్పష్టంగా పెట్టాడు. అది అయ్యేలోగా పెద్దమండ్యం వాళ్లూ, కలకడ వాళ్లూ వచ్చి వాళ్ల ఆల్బమ్‌లు తీసుకుపోయారు. ఆ ముసలాయన తన ఫొటోలో గొర్రెలను చూసుకొని, "అన్నీ పడినాయి" అని సంతోషించాడు.

ఆషాఢంలో పెళ్లికూతురు పుట్టింటికి వచ్చి ఉందని తెలిసి, ఆల్బమ్ ఇవ్వడానికి కుప్పం వెళ్లాం. ఆడవాళ్లకు చూపించేటప్పుడు ఆడమనిషి ఉంటే బాగుంటుందని యజమాని నన్ను కూడా కారు ఎక్కించాడు. ఆ ఇల్లు లోపలా బయటా నల్లటి గ్రానైట్. మెట్ల మీద కూడా మన ముఖం మనకు కనబడేంత నునుపు. నడిచేవాళ్లంతా పడిపోతామేమోనని అడుగులు చూసుకుంటూ నడుస్తున్నారు.

హాల్లో అందరూ చుట్టూ కూర్చున్నారు. పెళ్లికూతురు, వాళ్లమ్మ, క్వారీ ఆయన, ఆయన తల్లి. ఆ అవ్వ గోడకు ఆనుకొని, కళ్లజోడు సర్దుకుంటూ కూర్చుంది. పేజీలు తిప్పుతుంటే అందరూ "బాగుండాది, బాగుండాది" అంటున్నారు. అప్పగింతల పేజీ వచ్చింది. పళ్లెంలో పాలు, పాలలో ముంచిన పెళ్లికూతురి చేతులు, పేజీ అంతా అదే.

"ఉండు, ఉండు" అని అవ్వ ముందుకు జరిగి, వంగి చూసింది. "ఈ చెయ్యి మా పాపది కాదు."

అవ్వ వేలితో చూపించింది. "మా పాపకు ఈడ మచ్చ ఉండాల. నాలుగేండ్ల పిల్లప్పుడు సంగటి ఎసరు ఒలికి కాలింది. మందు పూసిందాన్ని నేను. నాకు తెలీదా?"

యజమాని గొంతు కూడా మారలేదు. "అయ్యో అవ్వా, మచ్చ మేమే తీసేసినాము. ఇప్పుడు కంప్యూటర్లో అన్నీ తీసేయొచ్చు. పెండ్లి ఫొటోలో మచ్చ యాలని."

ఇంతకు ముందు ఆ మనిషి మీద నాకు విసుగు ఉండేది. అబద్ధం చెప్పినందుకు కాదు, అది అంత తేలిగ్గా, నోట్లో ముందే నానబెట్టుకున్నట్టు వచ్చినందుకు, ఆ క్షణంలో అసహ్యం పుట్టింది.

"అవ్వ చెప్పింది నిజం" అన్నాను. "అది ఈ అమ్మాయి చెయ్యి కాదు. ఫొటోలు మా దగ్గర పోయినాయి. ఇవి వేరే పెండ్లివి."

క్వారీ ఆయన తల ఎత్తాడు. "ఏమప్పా, ఏమంటాండాది ఈ పాప?"

"రొంత తిక్క సార్, పట్టించుకోకండి" అన్నాడు యజమాని.

ఇప్పుడు కేకలు లేస్తాయని, ఆల్బమ్ విసిరికొడతారని అనుకున్నాను. ఆ ఇంటి గురించి కూడా నేను ఎక్కువగానే ఊహించుకున్నాను. పెళ్లికూతురు తన చెయ్యి తెచ్చి బొమ్మ పక్కన పెట్టి చూసుకుంది. మచ్చ ఉన్న చెయ్యి, మచ్చ లేని చెయ్యి. తర్వాత తన చేతిని మెల్లగా కొంగు కిందికి లాక్కుంది.

"ఇదే బాగుండాది. ఇట్లనే ఉండనీ" అంది.

"అవునప్పా, సూసేవాళ్లకు బాగుండాల, అంతే" అంది వాళ్లమ్మ. క్వారీ ఆయన పేజీలు వెనక్కి తిప్పి, పెళ్లికి వచ్చిన ఎమ్మెల్యేతో తాను నిలబడ్డ బొమ్మ వెతికాడు. అది వీడియోలోంచి తీసింది, ముక్కు ఎక్కడో కన్ను ఎక్కడో తెలియనంత మసక. దాన్ని చూసి మాత్రం ఆయనకు కోపం వచ్చింది. "ఇది మాత్రం యాల ఇట్ల వచ్చింది?" అని గద్దించి, సరిచేసి గోడకు తగిలించేంత పెద్దది పంపమన్నాడు. యజమాని చేతులు కట్టుకొని సరేనన్నాడు. అంతటితో అయిపోయింది. కూల్‌డ్రింకులు వచ్చాయి.

నేను బయటికి వచ్చి వరండాలో నిలబడితే, అవ్వ గోడ పట్టుకుంటూ వెనకే వచ్చింది.

"మరి మా పాప చేతుల బొమ్మ యాడ ఉండాదమ్మా?"

"పోయిందవ్వా. ఒక బిళ్లలో ఉండె. అది చెడిపోయింది. తీయొచ్చు కానీ తీయనీలేదు."

అవ్వ మెట్టు మీద కూర్చుంది. "అప్పగింతలప్పుడు నేను ఆడనే ఉంటి. ఒక్క ముక్క కూడా కనపడలే. మీ ఫొటోలోళ్లు అడ్డంగా నిలబడిరి. జరగండప్పా అంటే, రేపు ఫొటోలో సూద్దువులే అవ్వా అనె ఒకాయన. సరే, ఫొటోలో సూద్దామని ఉంటి."

ఆ ఒకాయన ఎవరో నేను అడగలేదు. ఆ మాట మా యజమాని ప్రతి పెళ్లిలోనూ అనేదే.

తిరిగి పోయేటప్పుడు నేను ఆయన కారు ఎక్కలేదు. శాంతిపురం, వి.కోట, పలమనేరు మీదుగా బస్సులు మారుతూ పుంగనూరు చేరాను. మర్నాడు స్టూడియోకు వెళ్లింది పని మానేస్తున్నానని చెప్పడానికి, కుప్పం పెళ్లి అప్పగింతలున్న క్యాసెట్ అడగడానికి. యజమాని క్యాసెట్ ఇచ్చేశాడు. ఆల్బమ్ ఇచ్చేశాక దానితో ఆయనకు పనిలేదు. నాతో కూడా పనిలేదని ముఖం మీదే కనబడింది. బామ్మర్ది చెప్పినట్టు బల్ల కింది పెట్టెను పాతసామాన్లవాడికి వేసేశాడు.

ఆ క్యాసెట్‌ను తెలిసినవాళ్ల కంప్యూటర్‌లోకి ఎక్కించి, అప్పగింతల దగ్గర ఒక్కో బొమ్మా ఆపి చూశాను. చాలావరకు వీపులే. ఒక చోట మాత్రం ఇద్దరు జరిగిన సందులో పాల పళ్లెం, దానిపై ఆ అమ్మాయి చెయ్యి పడ్డాయి. మణికట్టు దగ్గర నల్లటి నీడలాగా మచ్చ కూడా ఉంది. మదనపల్లెలో ఇంకొక స్టూడియోలో దాన్ని అచ్చువేయించాను.

కొన్ని వారాల తర్వాత కుప్పంలో ఒక చిన్న ప్రైవేటు ఆఫీసులో ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంటే వెళ్లాను. "హార్డ్ డిస్కు చెడిపోతే మొదట ఏం చేస్తావు?" అని అడిగాడు అక్కడి పెద్దాయన. "దాని మీద ఏమీ చేయనివ్వను సార్. ముందు కాపీ తీస్తాను" అన్నాను. "ఫార్మాట్ చేయడం రాదా నీకు?" అన్నాడు. వచ్చునన్నాను. ఆయన జాలిగా చూసి, కబురు చేస్తామన్నాడు. చేయలేదు. చేస్తారని నేనూ అనుకోలేదు.

అటునుంచి అటే ఆ నల్లరాతి ఇంటికి వెళ్లాను. అవ్వ బయటనే కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది. చెయ్యి తుడుచుకొని ఫొటో అందుకుంది. వెలుతురుకు పట్టుకొని దగ్గరగా, దూరంగా, మళ్లీ దగ్గరగా చూసింది.

"ఆ. ఇదీ మా పాప చెయ్యి" అంది. కాసేపటికి, "ఈ పక్క నిండా ఈ వీపు ఎవరిది?" అంది.

"మా యజమానిదవ్వా. పాత యజమాని."

అవ్వ లోపలికి కేకేసి కత్తెర తెప్పించుకుంది. నాలుక కొస పంటి కింద పెట్టుకొని, ఆ వీపును అంచు వెంబడి జాగ్రత్తగా కత్తిరించింది. కత్తిరించిన ముక్కను చింత గింజల్లో పడేసి, మిగిలిన దాన్ని రవిక లోపలి సంచిలో పెట్టుకుంది. తర్వాత నన్ను అన్నం తిని పొమ్మంది.